సార్ నాకిచ్చిన రెండు మాటలు

మొన్న బేస్తారం పొద్దుగాల గాజుల భాయ్ ఫోన్ చేసిండు. చదువుకునే కాలం కెంచి నాకు దోస్తు. చార్మినార్ కాడ వాళ్ల నాయినకు గాజుల దుకాణం ఉండె, అందుకే మాకందరికి ఆయన గాజుల భాయ్.

"అన్నా, సార్ పోయిండు" అన్నడు. "రాత్రి మంచిగ తిన్నడంట, పండుకున్నడంట. తెల్లారగట్ల ఫజర్ నమాజుకు లేపితే లేవలే. మాపటి అసర్ నమాజ్ అయినంక మట్టి. నువ్వు రా."

నేను "ఆఁ" అన్న.  మా ఇంటామె వంటింట్ల కెంచి "ఎవరికేమైంది?" అని అడిగింది. "సార్" అన్న. మా ఇంట్ల సార్ అంటే ఒక్కడే. ఆమె పొయ్యి మీది చాయ దించి, పెట్టెల కెంచి నా తెల్లంగి తీసి ఇస్త్రీ చేసింది.

సార్ కాడ చదివినోళ్లందరం తలా ఇంత రాయాలని, చిన్న పుస్తకం లెక్క అచ్చేసి పంచుదామని గాజుల భాయ్ అంటున్నడు. నేను మాటలు తక్కువోన్ని. ఊరి బడిల నేర్చుకున్న తెలుగే నా తెలుగు. అయినా రాస్త. సార్ ఉంటే "మియా, రాయకు, జర నడిచి చూపెట్టు" అనేటోడు. ఆ నడిచే ముచ్చటే ఇది.

ఎనభైల మొదట్ల నేను ఊరి కెంచి పట్నంల జహనుమా బస్తీకి, మా అక్క ఇంటికి వచ్చిన. బావ బస్సు డిపోల మెకానిక్. పగటిపూట ఆయనెంబడి డిపోకు పోయి బోల్టులు, నట్లు తుడుస్తుంటి. అక్కడ అందరు అరుసుకుంటనే పని చేస్తరు. ఇంజిన్ల సప్పుడుల అరవకుంటే ఇనబడదు మరి. నాకేమో మామూలు మాటనే గొంతు దాటదు. నన్ను పిలిస్తే నేను పలికిన సంగతి పిలిచినోనికి తెలువకపోతుండె.

అట్లాంటప్పుడు ఎవరో చెప్పిండ్రు, మూసీ మీది నయాపూల్ దాటినంక ఒక కాలేజీల సాయంత్రం పూట కంప్యూటర్ చదువు చెప్తున్నరని. ఆఫీసుల లెక్కలు, పేర్లు, వివరాలు అన్ని ఇగ మిషన్లే చూస్తయంట, ఆ మిషన్లకు పని చెప్పే చదువంట. నేను ఇన్నది ఒక్కటే. ఆ కొలువుల మనుషులతోని మాట్లాడే పని ఉండదు, మిషన్ తోనే పని. నా కొరకే పెట్టిండ్రేమో అనుకున్న.

బావ నవ్విండు. "కంపూటరంటే ఏందిరా, రేడియో లెక్కనా?"

"తెలువదు బావా."

"తెలువకనే చదువుతవా?" అని జరసేపు ఆలోచించి, "సరే తియ్యి. పాసైతే నీ ఇష్టం. కాకుంటే డిపోల హెల్పర్ కొలువు, మా ఫోర్మెన్ తోని మాట్లాడి పెట్టిన. అప్పుడు మల్ల అది ఇది అనొద్దు" అన్నడు. మంచోడు మా బావ. పెండ్లాం తమ్ముడు దారిల పడాలనే ఆయన ఫికర్. నా ఫికర్ వేరే. ఆ అరుపుల నడుమ జిందగీ అంతా ఎట్ల ఎల్లదీయాలె అని.

కాలేజీ అంటే ఒక పాత హవేలీ. నడుమల షాబాద్ బండలు పరిచిన పెద్ద వాకిలి, చుట్టూ అర్రలు. బోర్డు మీద కంప్యూటర్ అని రాసి ఉండె గాని లోపల కంప్యూటర్ లేకుండె. మేం రాసిన ప్రోగ్రామును అట్ట కార్డుల మీద చిన్న చిన్న బొక్కలు కొట్టించి, దూరంగ ఒక పెద్ద ఆఫీసుకు పంపుతుండిరి. ఆ ఆఫీసోళ్లు వాళ్ల పని అయినంక వారానికొకసారి మా కార్డులు మిషన్ల ఏసేది. జవాబు కాయితం మీద అచ్చయి వస్తుండె. మిషన్ ఎట్లుంటదో మేం చూడలే. పెండ్లిచూపులు లేకుంట పెండ్లి లెక్క అని గాజుల భాయ్ అంటుండె.

సార్ పొద్దంతా ఒక సర్కారు ఆఫీసు మిషన్ రూంల పని చేసి, సాయంత్రం మాకు చెప్పేటోడు. సన్నగ, పొడుగ్గ ఉండె. ఇల్లు జహనుమాలనే, మా అక్క ఇంటికి రెండు గల్లీల అవతల. తెలుగు మాట్లాడితే అండ్ల సగం దక్కనీ ఉర్దూ ఉంటుండె. అందరిని మియా అనేటోడు, నన్ను గుడ.

మొదటి దినమే నా పని ఖరాబైంది. ఒక్కొక్కరు లేచి ఇంగ్లీషుల తన గురించి రెండు ముక్కలు చెప్పాలె. నా వంతు వచ్చింది. లేచిన. నిలవడ్డ. నోరు కదలలే. ఎనక బెంచి కెంచి ఒకడన్నడు, "సార్, గీనికి మాటలు రావేమో, మూగోడు." అందరు నవ్విండ్రు. ఆ అన్నోడు గాజుల భాయే. ఇది రాయొద్దా అని ఇప్పుడు అడిగితే, "రాయి అన్నా, రాయకుంటే సార్ తంతడు" అన్నడు.

సార్ నవ్వలే. కూర్చో మియా అన్నడు.

తెల్లారి కెంచి నేను కాలేజీకి పోవుడు బంద్ చేసిన. ఇంట్ల మాత్రం చెప్పలే. సాయంత్రం కాంగనే పుస్తకం పట్టుకొని బయలుదేరి, నయాపూల్ మీద గోడకు ఆనుకొని నిలవడి, క్లాసు ఇడిసే యాళ్లకు ఇంటికి వస్తుంటి. అట్ల నిలవడ్డప్పుడే ఒకసారి ఎనక సైకిల్ గంట మోగింది. మర్లి చూస్తే సార్.

"ఏం చూస్తున్నవ్ మియా?"

"ఏం లేదు సార్."

"మూసీల నీళ్లు గుడ లేకపాయె. ఉంటే చాపలు చూస్తున్నడు అనుకుందు."

నేను తల దించుకున్న. సార్ సైకిల్ గోడకు ఆనిచ్చి నా పక్కకే నిలవడ్డడు. క్లాసుకు యాళ్ల అయితున్నది, అయినా తొందరపడలే. మేమిద్దరం నీళ్లు లేని మూసీని చూసినం.

"కాలేజీల నీకొక కొలువున్నది" అన్నడు జరసేపటికి. "రెండే మాటలు మాట్లాడాలె. ఔను, లేదు. మూడో మాట అంటే కొలువు పోతది. చేస్తవా?"

నేను తల ఊపిన.

"తల ఊపుతే నడవది. రెండిట్ల ఏదన్న ఒకటి అను."

"ఔను" అన్న.

"చలో మరి" అని సైకిల్ నూక్కుంట నడిచిండు. ఆయనెనక నేను.

ఆ దినం సార్ క్లాసు వాకిట్ల పెట్టిండు. అంగీ జేబుల కెంచి సుద్దముక్క తీసి, షాబాద్ బండల మీద వంగి గీసుడు మొదలుపెట్టిండు. చదరం డబ్బలు, నడుమ బాణాలు, ఒక కాడ ముగ్గుల ఉన్నట్టు మూల మీద నిలవెట్టిన నాలుగు మూలల డబ్బ. మిషన్ ఏ పని ముందు చేస్తది, ఏ పని ఎనక చేస్తది అనేది అట్ల బొమ్మ గీస్తరు, ఫ్లోచార్ట్ అంటరు. అందరు కాయితం మీద గీస్తరు. మా సార్ నేల మీద గీసి మమ్ములను దాని మీద నడిపిచ్చేటోడు.

లెక్క అల్కటిదే, కష్టం లేదు. స్టూలు మీద మార్కుల కార్డుల దొంతర. ఒకడు పై కార్డు తీస్తడు. తర్వాతి డబ్బల నిలవడి, పాసా ఫెయిలా చూసి పలక మీద గీత పెడతడు. కార్డు పట్టుకొనే నాలుగు మూలల డబ్బ కాడికి వస్తడు. ఆ డబ్బల నేను. నా పక్కకే స్టూలు.

"కార్డులు అయిపోయినయా?" అని వాడు అడగాలె. నేను స్టూలు దిక్కు చూసి, ఉంటే "లేదు" అనాలె. వాడు మల్ల కార్డు తీసే డబ్బకు పోతడు. ఒక్కటి గుడ లేకుంటే "ఔను" అనాలె. అప్పుడు బయటికి బాణం, పని ఖతం.

అదే నా కొలువు. అందరు వంతులవారీ వచ్చి నన్ను అడిగిండ్రు. నేను చూసి చెప్పిన. గంట సేపు మాట్లాడిన లెక్క. మా అక్కకు చెప్తే నమ్మలే.

సార్ ఎవరిని గుడ తప్పు అనకపోతుండె. తప్పు పోతే "ఇంకోసారి నడువు" అనేటోడు. నడుస్తుంటే ఎక్కడ కాలు తప్పిందో వానికే తెలుస్తుండె. "ప్రతి చక్కర్ కు బయటికి తొవ్వ ఉండాలె. తొవ్వ పెట్టుడు మర్సిపోతే మిషన్ చచ్చేదాంక తిరుగుతనే ఉంటది, దానికి ఆకలి తెలువది" అనేది ఆయన మాట. ఈ మాట ఆయన ప్రోగ్రాములకే కాదు, మదీనా చౌరస్తాల ఇరుక్కున్న రిక్షాలకు గుడ అంటుండె.

ఏడాది ఆఖరుకొచ్చింది. పరీక్షకు మేం అందరం కలిసి ఒక పెద్ద ప్రోగ్రాము చేసి, అది మిషన్ల నడిచినట్టు కాయితం చూపెట్టాలె. పరీక్షకు ముందు మిషన్ కాడ మాకు ఒకటే వంతు మిగిలింది. తెల్లారి కార్డులు పంపాలె. ఆ వంతుల నడవకుంటే ఇగ అందరం ఫెయిలే. నాకైతే డిపో.

బొమ్మ గాజుల భాయ్ గీసిండు. చురుకైనోడు, ఇంగ్లీషుల చదివినోడు, మాకు నమ్మకం. "ఇగ నడిచేదేముంది సార్, పంపుదాం" అన్నడు. సార్ మెట్ల మీద కూర్చొని చెప్పుల ఇరికిన రాయి తీసుకుంట, "నడువు" అన్నడు. ఆ ఒక్క మాటనే.

గాజుల భాయ్ తనే నడిచిండు, జల్ది జల్ది. స్టూలు మీది కెంచి కార్డు తీసిండు, చూసిండు, పలక మీద గీత పెట్టిండు, నా కాడికి వచ్చిండు.

"అయిపోయినయా?"

"లేదు."

బాణం ఎంబడి పోయిండు. చూసిండు, గీత పెట్టిండు, వచ్చిండు.

"అయిపోయినయా?"

"లేదు."

పోయిండు, వచ్చిండు. పోయిండు, వచ్చిండు. పలక నిండా గీతలే. ఆయన మొకాన చెమటలు. నేను స్టూలు దిక్కు చూస్తున్న. దొంతర ఎంత ఉన్నదో అంతనే ఉన్నది.

"అరె భాయ్, ఔను అనరాదు. ఇండ్లకు పోవాలె గద."

"లేదు."

"ఎందుకయ్య మొండి చేస్తున్నవ్? బస్సు పోతది" అని ఇంకొకడు. "ఔను అనుర్రి జర, దండం పెడత" అని ఇంకొకడు. అందరు నా చుట్టూ లొల్లి. నా చెవులు ఎర్రగైనయి. ఔను అంటే అయిపోతది. అందరు సంబురంగ ఇంటికి పోతరు. నన్ను ఎవ్వరు ఏమనరు. కాని కార్డులు అక్కడనే ఉన్నయి గద, కండ్ల ముంగట.

"లేదు" అన్న. గొంతు జర పెద్దగనే వచ్చింది. డిపోల గుడ ఇనబడేటంత.

 సార్ మెట్ల మీది కెంచి లేవలే. చెప్పు ఏసుకుంట, "వాన్ని ఎందుకు తిడతరు? వాడు చూసేది మీరు గుడ చూడుర్రి" అన్నడు.

గాజుల భాయ్ స్టూలు దిక్కు చూసిండు. తన చేతుల కార్డు చూసుకున్నడు. అప్పటిదాంక ఆయన పట్టుకొని తిరిగింది మొదట తీసిన కార్డే. ఆయన గీసిన బాణం కార్డు తీసే డబ్బకు పోలే, దాని కింది డబ్బకు పోయింది. కొత్త కార్డు తీసే పనే లేదు. ఒకే పిలగాడిని పాస్ చేసి, మల్ల పాస్ చేసి, మల్ల పాస్ చేసిండు.

ఆయన బండల మీదనే కూలబడ్డడు. "వాని అదృష్టం, యూనివర్సిటీ ఫస్టొస్తడు" అన్నడు. ఇగ ఒకటే నవ్వు. సార్ గుడ నవ్విండు, కండ్లద్దాలు తీసి తుడుసుకున్నడు. గాజుల భాయ్ ఆ బాణాన్ని చెప్పుతోని తుడిసి, పైడబ్బకు కొత్తది గీసిండు. మల్ల నడిచిండు. దొంతర తగ్గుకుంట వచ్చి, ఆఖరి కార్డు లేచింది. ఒట్టి స్టూలు.

"అయిపోయినయా భాయ్?"

"ఔను" అన్న.

ఆ దినం ఇంటికి పోయేటప్పుడు సార్ నాతోని సైకిల్ నూక్కుంట నడిచిండు. ఎక్కి పోవచ్చు గాని నేను నడుస్తున్న అని ఆయన గుడ నడిచేటోడు, ఎప్పుడు గంతే. శాలిబండ దాటినంక అన్నడు, "నీకు మాట్లాడెతందుకు సిగ్గు, షరం. లేనిది ఉన్నదని చెప్పెతందుకు గుడ షరం. మొదటిది పోతే పోయె, ఉంటే ఉండె. రెండోది మాత్రం పోనియ్యకు. అది మంచి షరం."

నేనేం అనలే. ఆయన అడగలే గద.

ఇంటి కాడ ఆపా, అంటే సార్ భార్య, గుమ్మంలనే ఆయన జేబు బయటికి గుంజి దులిపేది. సుద్ద పొడి బుస్సున లేస్తుండె. "చూడు బేటా, నేను మీ సార్ ను చేసుకున్ననా, సున్నం బట్టీని చేసుకున్ననా?" అంటుండె. ఆఫీసుల పారేసిన బొక్కల కార్డులు సార్ ఇంటికి తెస్తుండె. వాళ్ల ఇంట్ల ఊగే టేబుల్ కాలు కింద అవే, కొట్టుకునే తలుపు సందుల అవే. మా అక్కకు గుడ కొన్ని ఇచ్చిండు. ఆమె ఒకటి కిటికీకి ఆనిచ్చింది. పొద్దుగాల ఎండ ఆ బొక్కలల్ల కెంచి గోడ మీద నువ్వులు చల్లినట్టు పడుతుండె.

మా ప్రోగ్రాము నడిచింది. ఇగ మిగిలింది నోటి పరీక్ష. బయటి కెంచి వచ్చిన పెద్దాయన ఒక్కొక్కరిని లోపలికి పిలిచి ఇంగ్లీషుల అడుగుతడు. నాకు మల్ల మొదటి దినం యాదికొచ్చింది. సార్ లోపలికి రావద్దు, అది రూల్. తలుపు కాడ అందరి జేబులల్ల ఒక్కొక్క సుద్దముక్క ఏసిండు. "పెన్ను ఆగిపోతది, ఇది ఆగది" అని.

పెద్దాయన మా ప్రోగ్రాము కాయితం చూసి, ఇది ఎట్ల పని చేస్తదో చెప్పుమన్నడు. అడిగింది సమజైంది. జవాబు గుడ తెలుసు. నోరే రాలే.  ఆయన మల్ల అడిగిండు, నిమ్మళంగనే. బావ మొకం కనబడ్డది, ఫోర్మెన్ మొకం కనబడ్డది. చెయ్యి జేబుల పెట్టుకున్న. సుద్ద తాకింది.

బల్ల మీద కార్డులుంటే తీసి అక్కడున్న స్టూలు మీద పెట్టిన. స్టూలు ఆయన కుర్సీ పక్కకు జరిపిన. కింద కూర్చొని బండల మీద డబ్బలు గీసిన. నాలుగు మూలల డబ్బ ఆయన పాదాల కాడికి వచ్చింది. పెద్దాయన కాళ్లు జర ఎనకకు తీసుకున్నడు. నేను లేచి నడిచిన. కార్డు తీసిన, చూసిన, గాలిల గీత పెట్టిన, ఆయన ముంగటికి వచ్చి ఆగిన. స్టూలు చూపెట్టి, ఆయన మొకం దిక్కు చూసిన.

ఆయనకు జరసేపు సమజ్ కాలే. స్టూలు చూసిండు. నన్ను చూసిండు.

"నో" అన్నడు.

నేను తిరిగి పోయిన. కార్డు తీసిన, మల్ల వచ్చిన. "నో" అన్నడు. ఇంకో చక్కర్. ఈసారి నేను రాకముందుకే కుర్సీల ముంగటికి వంగి చూస్తున్నడు. ఆఖరి కార్డు తీసి నేను వచ్చి నిలవడితే, ఒట్టి స్టూలును చేత్తోని తట్టి, "ఎస్" అన్నడు. నేను బయటి బాణం మీద నడుసుకుంట తలుపు దాంక పోయిన. అక్కడ ఆగి దండం పెట్టిన. ఆయన నవ్వుకుంట ఏందో రాసుకున్నడు.

బయట సార్ సైకిల్ చైన్ బాగ చేస్తున్నట్టు కూర్చున్నడు. చైన్ మంచిగనే ఉన్నది.

"ఏం మాట్లాడినవ్?"

"నేనేం మాట్లాడలే సార్. ఆయనే మాట్లాడిండు."

"ఏమన్నడు?"

"నో, నో, నో, ఎస్."

సార్ చేతులకు నూనె మరకలు. అట్లనే నా భుజం పట్టుకొని నవ్విండు. ఆ మరక పోలే. ఆ అంగీ మా అక్క చానొద్దులు దాచింది.

పాసైన. నాకొక ఆఫీసుల మిషన్ రూంల కొలువు దొరికింది. బావ డిపోల అందరికి మిఠాయి పంచి, "మా బామ్మర్ది కంపూటర్" అని చెప్పుకున్నడు. రిటైర్ అయ్యేదాంక అదే పని చేసిన. కార్డులు పోయినయి, టేపులు వచ్చినయి, అవి పోయినయి, బల్ల మీద పట్టే మిషన్లు వచ్చినయి. ఏది వచ్చినా, కష్టమైన పని పడ్డప్పుడు తలుపు దగ్గరికేసి నేల మీద నడిచి చూసుకుంటుంటి. పక్కోళ్లు మొదట్ల నవ్విండ్రు. తర్వాత వాళ్లు గుడ నడిచిండ్రు.

సార్ ను ఆఖరుసారి చూసింది మొన్న చలికాలంల. ఇంటి ముంగట కుర్సీల ఎండకు కూర్చున్నడు. గల్లీల రెండు ఆటోలు ఎదురెదురుగ ఇరుక్కొని, డ్రైవర్లు ఒకరినొకరు పెద్ద పెద్ద మర్యాదలతోని తిట్టుకుంటున్నరు. "చూడు మియా, వీళ్ల చక్కర్ కు తొవ్వ పెట్టలే ఎవ్వడు" అన్నడు.

"పానం ఎట్లున్నది సార్?"

"ఫికర్ లేదు. స్టూలు మీద ఇంకా రెండు మూడు కార్డులున్నట్టున్నయి."

ఇద్దరం నవ్వినం. ఆపా చాయ తెచ్చింది. అలవాటు కొద్ది ఆయన జేబు తడిమి చూసింది. అండ్ల ఇప్పటికి సుద్ద ఉన్నది.

బేస్తారం అసర్ నమాజ్ అయినంక సార్ ను తీసుకపోయినం. ఖబరస్తాన్ కు నడిచే పోవాలె. సార్ ఎరుకైనోళ్లు మస్తుమంది వచ్చిండ్రు, గల్లీ నిండింది. పాడె లెక్కటి డోలాను ఒకరే మోయరు. ముంగట కంధా, అంటే భుజం ఇచ్చినోడు నాలుగడుగులేసి ఎనకకు జరుగుతడు, అక్కడి కెంచి ఇంకొకరికి ఇచ్చి పక్కకు తొలుగుతడు, జల్ది నడిచి మల్ల ముంగటికి వస్తడు. అట్ల అందరి భుజాల మీది కెంచి పోతది. నేను దూరంగ గోడ పొంటి నడుస్తుంటే గాజుల భాయ్ చెయ్యి పట్టి గుంజిండు. "రా అన్నా, కంధా ఇయ్యి."

ఇచ్చిన. సార్ బరువు లేడు. ఎనకకు జరిగిన, పక్కకు తొలిగిన, ముంగటికి వచ్చిన. మల్ల ఇచ్చిన. 

"అలిసినవా అన్నా?" అన్నడు గాజుల భాయ్.

"లేదు."

ఇంకో చక్కర్ తిరిగి వచ్చినం. ఆయన గడ్డం అంత తెల్లగైంది, చెమటకు మెరుస్తున్నది.

"ఇగ చాలా అన్నా?"

"లేదు."

ఆయనకు అప్పుడు ఆ వాకిలి యాదికొచ్చినట్టున్నది. నా దిక్కు చూసిండు.  మేం ఎనకకు, పక్కకు, మల్ల ముంగటికి, అట్లనే తిరుగుకుంట పోయినం. మసీదు దాటింది, కట్టెల అడితి దాటింది. ఖబరస్తాన్ గేటు కాడ ముంగటోళ్లు ఆగిండ్రు. డోలా నా భుజం మీదనే ఉన్నది. గాజుల భాయ్ అవతలి కొస పట్టుకొని నా మొకం దిక్కు చూసిండు. ఆయన అడగలే.

"ఔను" అన్న.